సోమక్క ఒప్పుకున్న అతుకు

మద్దేడ్ సంతలో మా బట్టల కొట్టు ముందు కూర్చుని పగిలిన ప్లాస్టిక్ సామాన్లు అతికేది సోమక్క. బొగ్గుల కుంపటి, ఇనుప చువ్వలు, ఒక పాత కత్తి, గోనెసంచి నిండా విరిగిన బకెట్ల ముక్కలు, అంతే ఆమె సరంజామా. అతుక్కి ముక్క ఎంచుకునేటప్పుడు కాస్త కాల్చి వాసన చూసేది. వాసనలు కలవకపోతే ఆ రెండు ముక్కలూ అంటుకోవు. ఆ పొగ నా చీరలకు పట్టేది. నేను గొణిగితే, "రేపు నీ బకెట్ పగిలితే నా కాడికే వస్తవు సేటూ" అనేది.

మనిషి మంచిదే. కానీ అతుకు ఊడిందని ఎవరైనా అంటే మాత్రం మండిపడేది. "పొయ్యి పక్కన పెట్టినవా? బండకేసి కొట్టినవా?" అని తగువుకు దిగేది. తప్పు తనదని ఒప్పుకోగా నేనెన్నడూ వినలేదు.

రోడ్డుకు అటువైపు రేకుల షెడ్డులో రాఘవులు మోటారు సైకిళ్ళు బాగుచేసేవాడు. అతని చూపు మసకబారుతోందని నాకు తెలుసు. పొద్దున్నే షెడ్డు తెరవడానికి గోడ తడుముకుంటూ రావడం చూశాను. ఊరికి తెలిస్తే బండి ఎవరిస్తారు? వేరే పని రాని మనిషి. అందుకే నేను నోరు మెదపలేదు. అతని పనంతా గదులు గదులుగా ఉన్న ఒక నల్ల ప్లాస్టిక్ ట్రే మీద నడిచేది. ఏ గదిలో ఏ పానా ఉందో చేతికి తెలుసు, కంటితో పనిలేదు. ఒకనాడు ఆ ట్రే మీద బండి పడి అడ్డంగా పగిలింది. గీదం నుంచి కొత్తది తెప్పించాడు కానీ దాని గదుల తీరు వేరు. దాన్ని మూలకు నెట్టి, పాతదాన్నే సోమక్క దగ్గరికి తెచ్చాడు.

పగులు ముందుకు పాకకుండా దాని చివర్లలో కాల్చిన సూదితో చిన్న బొక్కలు పొడిచింది సోమక్క. చువ్వతో కరిగించి పగులు మూసి, పైన మందంగా పట్టీలు వేసింది. అన్నీ లోపలి వైపే. బకెట్లకు అలాగే వేస్తారు, నీళ్ళు తోసేకొద్దీ అతుకు గోడకు అదుముకుంటుంది. ట్రేలో నీళ్ళుండవన్న ఆలోచన ఆ అలవాటు పడ్డ చేతికి రాలేదు.

పై సంతకు ఉంగ అనే రైతు తన బండి తెచ్చాడు. తన అతుకు ఎలా ఉందో చూద్దామని సోమక్క షెడ్డు దగ్గరే నిలబడింది. నేనూ తమాషా చూద్దామని వెళ్ళాను. పట్టీలతో ఇరుకైన గదుల్లో పట్టక పానాలు ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి. రాఘవులు ఒకటి తీశాడు, అది కాదు. ఇంకొకటి తీశాడు, అదీ కాదు. చివరికి ఒక పానాను ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు.

"ఏంది మిస్త్రీ, కండ్లు కనపడ్తలేవా?" అన్నాడు ఉంగ, బండి వెనక్కి తీసుకునేలా హ్యాండిల్ మీద చెయ్యి వేసి.

చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. సోమక్క రాఘవులు మొహం చూసింది, ట్రే చూసింది.

"ఆయన కండ్లకేమైంది? గల్తీ నాది" అంది అందరికీ వినపడేలా. "లోపట అతుకేసి గదులన్నీ ఖరాబు చేసిన. ఇగ ఎవరైనా దేవులాడుకోవాల్సిందే."

"నువ్వు ఒప్పుకుంటున్నవా సోమక్కా?" ఉంగ పగలబడి నవ్వాడు.

"ఒప్పుకుంటున్న. బండి ఆడ వెట్టి చాయ్ తాగి రా."

ఉంగ బండి వదిలి వెళ్ళాడు. సోమక్క లోపలి పట్టీలను వేడి కత్తితో చెక్కేసి, బకెట్ అంచులు కోసి ట్రే అడుగున బయటివైపు అడ్డంగా, నిలువుగా అతికింది. రాఘవులు పానాలన్నీ ఎక్కడివక్కడ పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "నీకెప్పుడు తెలిసింది సోమక్కా?"

"ఏంది తెలిసేది? నీ ట్రే పట్టు" అంది.

ఆ మీదట చాన్నాళ్ళు సంతకొచ్చిన ప్రతివాడూ బకెట్ తిరగేసి, "ఇది గూడ గల్తీయేనా సోమక్కా?" అని ఆటపట్టించాడు. ఆమె ఒక్కరితోనూ తగువుకు దిగలేదు. ఆ మాట వినపడినప్పుడల్లా, రోడ్డుకు అటువైపు రాఘవులు చేతిలో పని ఆపి తల వంచుకునేవాడు.