అమ్మ మెట్టెకు కట్టిన పోగు

మా చిన్నతనంలో అమ్మ కుదురుగా కూర్చోగా చూసింది ఒక్క మగ్గం దగ్గరే... తమిళనాట విరుదునగర్ అవతల మాది తెలుగువాళ్ల మగ్గాల వీధి. గుంటమగ్గం. గోతిలోకి కాళ్లు దించి, కింద తొక్కుడు కర్రలు తొక్కుతూ పొద్దంతా నేసేది.

పొద్దు వాలి మగ్గం దిగిందా... ఇక మొదలు. చాప మీద కూర్చుంటే కాళ్లు ఆగవు. మడుస్తుంది, చాపుతుంది, పిక్కలు గుద్దుకుంటుంది, లేచి వాకిట్లో నాలుగు చుట్లు తిరుగుతుంది. తిరిగితే తగ్గుతుంది. కూర్చుంటే మళ్లీ అదే. "లోపల చీమలు పాకుతాండాయి రా" అనేది. చూస్తే చీమా లేదు, దోమా లేదు.

మా వీధిలో దీన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. నేతవాళ్లం కదా... పగలంతా తొక్కిన కాళ్లు, మగ్గం దిగినా తొక్కుతూనే ఉన్నాయనుకున్నారు. ఎంత పనిమంతురాలో అని మెచ్చుకున్న మహానుభావులు కూడా ఉన్నారు!

మా అవ్వ, అంటే నాయన తల్లి, మాత్రం మెచ్చుకోలేదు. "కాళ్లు ఆడించొద్దే, ఇంట్లో లచ్చిమి నిలవదు" అని రోజూ ఒకటే పాట. నిలవడానికి అసలు ఆ లక్ష్మి మా ఇంటికి ఎప్పుడొచ్చిందో నాకైతే గుర్తులేదు.

ఇక నేను... వీధిలో పేరుమోసిన కోతిని. పాలవాడి సైకిలు గాలి తీయడం, అవ్వ వక్కాకు సంచిలో గులకరాళ్లు వేయడం, ఇవే నా చదువు. అసలు చదువు ఎనిమిదితో ఆగిపోయింది లెండి.

నాకు పదేళ్లప్పుడు మా అత్తకు, అంటే నాయన చెల్లెలికి, పెళ్లి నిశ్చయం. సాయంత్రం ముహూర్తం. మాలో ఒక పద్ధతి ఉంది... తాంబూలాలు మారేదాకా ఇంటి ముత్తైదువలు చాప మీద నుంచి లేవకూడదు. లేస్తే సంబంధం కూడా లేచిపోతుందట. అమ్మ ఆ వరసలో కూర్చుంది. చీర అంచు కింద కాళ్లు అప్పటికే మొదలుపెట్టాయి. పళ్లు బిగించి కూర్చుంది పాపం.

నేను నాలుగు పోగులు కలిపి పేని, చాప వెనకనుంచి పాకి, ఒక కొన అమ్మ కాలి మెట్టెకు కట్టాను. రెండో కొన కాఫీ లోటాలున్న పళ్లెం పిడికి. అమ్మకు తెలియలేదు. ఆ కాళ్లలో అప్పటికే అన్ని చీమలు... నా వేళ్లు రెండు పాకితే ఏం తెలుస్తుంది?

కాలు ఒక్కసారి ఎగిరింది. పళ్లెం బోర్లా పడింది. కాఫీ అంతా పెళ్లికొడుకు తల్లి పట్టుచీర మీద.

నవ్వడానికి నోరు తెరిచాను... ఒక్కరూ నవ్వలేదు. ఆ పెద్దావిడ చీర దులుపుకుంటూ, "ఏమమ్మా, మీ కోడలికి గాలి ఏమన్నా సోకినాదా?" అంది.

అవ్వ ముఖం మాడిపోయింది. "సుమ్మా, ఊరికే కూచోనుండేదానికి కూడా చేతకాదా నీకు? ఇంక నువ్వు సబలో కూచోవద్దు తల్లీ... నిలబడే ఉండు."

సంబంధం ఏమీ లేచిపోలేదు. అత్త హాయిగా కాపురానికి వెళ్లింది. అమ్మే ఆ రోజు నుంచి నలుగురిలో కూర్చోలేదు. పెళ్లయినా, చావయినా గోడ పక్కన నిలబడేది. నా పెళ్లిలోనూ అంతే. అబద్ధాలు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు... ఈ ఒక్క నిజానికే నోరు రాలేదు.

ఇప్పుడు నాకు యాభై రెండు. కోవిల్‌పట్టిలో పల్లీపట్టీ చేసే చోట పాకం తిప్పుతాను. మూడేళ్లుగా నాకూ పట్టుకున్నాయి ఆ చీమలు. సాయంత్రం ఇల్లు చేరే విరుదునగర్ బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే పోతాను. "సీట్లో ముళ్లున్నాయా అన్నా?" అని కండక్టరు అడిగితే, "నువ్వు కూర్చుని చూసి చెప్పు తమ్ముడూ" అంటాను. రాత్రి నిద్ర ఉండదు. తెల్లారితే కళ్లలో ఇసుక. ఎవరినైనా ఏడిపించే ఓపిక కూడా పోయింది...

నరాల డాక్టరు మూడు ప్రశ్నలు అడిగాడు. సాయంత్రమే ఎక్కువా? నడిస్తే తగ్గుతుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? మూడోదానికి "మా అమ్మకు" అన్నాను.

రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అట దీని పేరు. గాలి కాదు, చేతకానితనం కాదు, మగ్గం కాదు. ఒంట్లో ఇనుము తగ్గినా వస్తుందట, రక్తపరీక్ష రాశాడు. కొన్ని ఇళ్లలో తల్లి నుంచి బిడ్డకు కూడా వస్తుందట. మందులూ ఉన్నాయట.

ఆ ఆదివారమే మగ్గాల వీధికి, అమ్మ దగ్గరకు వెళ్లాను. గడప దగ్గర నిలబడి ఉంది. జబ్బు పేరు చెప్పాను. పోగు సంగతీ చెప్పేశాను.

"తెలుసు రా" అంది. "ఆ పొద్దే చూస్తిని. మెట్టెకి ముడి ఉండె. నేనే విప్పుకొంటి."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే మీ నాయన నీ తోలు ఒలిచి ఉండడా? అదీ గాక... పోగు నువ్వు కట్టినావు. ఆడిన కాలు నాదే గదా."

మళ్లీ తనే అడిగింది. "ఏమో పేరు చెప్తివే, ఇంగోతూరి చెప్పు."

చెప్పాను. ఆమెకు నోరు తిరగలేదు. "పేరుండాదా దీనికి..." అంటూ మెల్లగా గడప మీద కూర్చుంది. కాళ్లు ఆడాయి. ఈసారి చీర లాక్కుని కప్పుకోలేదు.

వీధిలో ఇప్పుడు ఒక్క గుంటమగ్గం కూడా లేదు... గోతులన్నీ పూడ్చి నాపరాళ్లు పరిచారు. మగ్గం మీద నెపం పెట్టడానికి కూడా లేదిక. మీ ఇంట్లోనూ పొద్దుగూకితే కూర్చోలేక గోడ పక్కన నిలబడినవాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి కింద రాయండి... రాసే ముందు వాళ్లను డాక్టరుకు చూపించండి.

వచ్చే నెల మా పాప నిశ్చయం. చుట్టాలందరూ ఇది చదువుతారనే రాస్తున్నాను. ఆడవాళ్ల చాపలో మొదటి చోటు అమ్మది. కాళ్లు ఆడతాయి. తాంబూలాలు మారకముందే లేచి నాలుగు చుట్లు తిరుగుతుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఎవరూ ఒక్క మాట అనకండి.

కాఫీ పళ్లెం నేనే పట్టుకుంటాను... ఎలాగూ నిలబడే ఉంటాను కదా.