అల్ ఖౌద్ బడిలో ఒక సీటు

మా అమ్మాయి శ్రావణికి తొమ్మిదో తరగతి సీటు కోసం ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఒమాన్‌లో మేముండే ఖబూరా నుంచి అల్ ఖౌద్ వెళ్ళాం. ఇక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. రాత పరీక్ష ముందే నెగ్గింది. ఇంటర్వ్యూ మిగిలింది. ఆ బడిలో కొందరు రోజూ ఇంటి నుంచి వస్తారు, కొందరు హాస్టల్లో ఉంటారు. నేను ఖబూరాలో నీటి మోటార్ల దుకాణంలో పనిచేస్తాను. మబేలాలో ఉన్న మా రెండో దుకాణానికి మారితే అమ్మాయి ఇంటి నుంచే చదువుకోవచ్చు. మారాలంటే ఖబూరా ఇల్లు వదలాలి. నా భార్య సుజాత ఏడాది కిందట పోయింది. తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లోనే ఉంది. ఫారంలో హాస్టల్, డే స్కాలర్ గళ్ళు రెండూ ఖాళీగా వదిలేశాను.

ఆరున్నరకు హైవే మీద బస్సెక్కాం. టికెట్టు డ్రైవరే ఇస్తాడు. కుడివైపు కొండలు దారంతా కనిపిస్తాయి. ఎడమవైపు ఖర్జూరపు తోటలు. వాటి వెనక సముద్రం ఉందని తెలుస్తుంది గాని కనిపించదు.

పక్క సీట్లో జగిత్యాల మనిషి. మబేలాలో కట్టడం పని, సెలవు ముగించుకొని డ్యూటీకి పోతున్నాడు.

"ఏడికి సార్, బిడ్డను తీస్కొని?"

చెప్పాను.

"హాస్టలా? మా కంపెనీ రూమ్ గూడ హాస్టలే సార్. పన్నెండేండ్ల సంది ఉంటున్న, ఇంకా పాస్ చేస్తలేరు."

శ్రావణి నవ్వింది. "ఎగ్గొట్టి ఇంటికి పోలేదా అంకుల్?"

"ఎట్ల పోత బిడ్డా? వార్డెన్ జబర్దస్తోడు."

మబేలాలో దిగుతూ, "మంచిగ సద్వుకో. సార్, మీరు ఏడ్వకుండ్రి," అన్నాడు.

ఎనిమిదిన్నరకు బస్సు దిగి, టాక్సీలో అల్ ఖౌద్ చేరి, ఒక మలయాళీ హోటల్లో పరాఠా, చాయ్ తీసుకున్నాం. తొమ్మిదిన్నరకు బడి ఆఫీసులో ఉన్నాం. అక్కడ కూర్చున్నది ఒక ఒమానీ అమ్మాయి. ఫారం చూసి ఇంగ్లీషులో అడిగింది: "తల్లిదండ్రులిద్దరూ రావాలి. సుజాత గారెక్కడ?"

మన కాగితాల్లో పోయినవాళ్ళ పేరు ముందు 'లేట్' అని రాస్తాం. నేను రాయలేకపోయాను. ఉత్త పేరే రాశాను. నేను నోరు తెరిచేలోపు శ్రావణి ఆ మాటే ఇంగ్లీషులో అంది: "మా అమ్మ లేట్."

"పర్వాలేదు," అంది ఆ అమ్మాయి. "ట్రాఫిక్ ఎక్కువగా ఉంది. మీ వంతు చివరికి మారుస్తాను. ఆవిడ వచ్చాకే లోపలికి వెళ్ళండి."

అది పొరపాటని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం చెప్పలేదు. శ్రావణి పక్క కుర్చీలో పెట్టిన ఫైలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ అమ్మాయి తలెత్తి చూసేది. మేమూ చూసేవాళ్ళం. ఏడాదిగా సుజాత వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆ గదిలో ఒక మనిషి అనుకుంటోంది. నేను దాన్ని పాడుచేయదలుచుకోలేదు. గంటన్నర పైనే అలా కూర్చున్నాం.

పదకొండుంబావుకు ఆ అమ్మాయి వచ్చి, "పన్నెండుకి ప్రిన్సిపల్ గారు వెళ్ళిపోతారు. ఒకసారి ఫోన్ చేయండి," అంది.

నేను ఫోన్ తీశాను. ఎవరికి చేయాలో తెలియక దాన్నే చూస్తున్నాను. శ్రావణి లేచింది.

"మా అమ్మ చనిపోయింది. రాదు. మమ్మల్ని లోపలికి పంపండి."

ఆ అమ్మాయి చేయి గుండెల మీద పెట్టుకుని అరబీలో ఏదో మెల్లగా అంది. వెంటనే పంపింది.

ప్రిన్సిపల్ లెక్కలు అడిగారు, చదివిన పుస్తకాల గురించి అడిగారు. శ్రావణి అన్నిటికీ తడబడకుండా చెప్పింది. "సీటు ఇస్తున్నాం. డే స్కాలరా, హాస్టలా?" అని ఆవిడ నా వైపు చూశారు.

"ఇంకా ఏమీ..." అన్నాను.

"హాస్టల్," అంది శ్రావణి. తర్వాత నాకు మాత్రమే, తెలుగులో: "నువ్వు ఆ ఇల్లు వదల్లేవు నాన్నా. మబేలాలో రోజూ నీ మొహం చూస్తూ నేను చదవలేను."

మారుదాం అనాల్సింది. పెన్ను తీసుకుని హాస్టల్ గడిలో టిక్కు పెట్టాను.

పిల్లల్ని తీసుకుని ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: పొద్దుటి బస్సు చాలు, భోజనానికి అల్ ఖౌద్‌లో ఇబ్బంది లేదు, ఫారంలో రాయాల్సినవన్నీ ఇంట్లోనే రాసుకుని వెళ్ళండి.

మూడింటికి తిరుగు బస్సు. ఎక్కేటప్పుడు డ్రైవర్ని గురువారం సాయంత్రం బడి వదిలాక ఖబూరాకి బస్సు ఉందా అని అడిగాను. ఉంది, కానీ వారాంతం కాబట్టి నిండిపోతుంది, సీటు ముందే రాయించుకోవాలి అన్నాడు.

"ఇప్పుడే రాయించుకోవచ్చా?"

"ఏ గురువారానికి?"

నేను లెక్కపెట్టుకుంటుంటే శ్రావణి నా చొక్కా పట్టుకుని లాగింది.

"బడి ఇంకా మొదలే కాలేదు నాన్నా. రా, కూర్చో."