వెంకాయమ్మ వేసిన కేసు, వెంకాయమ్మ మీద కేసు

కోత మిషను వేడెక్కకుండా వెంకాయమ్మ చెంబుతో రాయి మీద నీళ్లు పోస్తోంది. ఎదురుగా గొంతుక్కూర్చుని ఆమె మొగుడు చిన్నకోటయ్య నాపరాయి కోస్తున్నాడు. ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ఆమె మొహం మీద వెచ్చగా ఏదో చిమ్మింది. కళ్లు తుడుచుకుని చూసేసరికి మొగుడు వెల్లకిలా పడి ఉన్నాడు. పగిలిన బ్లేడు ముక్క ఎడమకన్ను చీల్చుకుంటూ పోయి దవడలో దిగబడింది. చేతిలోంచి జారిన మిషను ఇంకా తిరుగుతూ నేల మీద ఎగిరెగిరి పడుతోంది.

వైరు పట్టి లాగేసింది. చీరకొంగు చింపి మొగుడి మొహానికి చుట్టింది. దాచేపల్లి రోడ్డు మీద సిమెంటు లారీకి అడ్డంగా నిలబడి ఆపి, అందులోనే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. దారి పొడుగునా అతని తల ఆమె ఒళ్లోనే ఉంది.

వడ్డెరల ఇంట పుట్టిన మనిషి వెంకాయమ్మ. ఊహ తెలిసినప్పటినుంచీ క్వారీల్లో సమ్మెట ఎత్తింది. ఎన్నాళ్లని ఒకరి కింద కూలి చేస్తాం, సొంతంగా పలకలు కోసి అమ్ముకుందామని పోరి, మొగుడి చేత మిషను కొనిపించింది ఆమే. పిడుగురాళ్లలో గోపీచంద్ దుకాణంలో కొన్నారు. అదే దుకాణంలో కొన్న కొత్త బ్లేడు దానికి బిగించిన మర్నాడే ఈ ఘోరం.

చిన్నకోటయ్య బతికాడు. కన్ను పోయింది. దవడకు రేకులు బిగించారు. గంజి తప్ప ఏదీ దిగదు, మాట ముద్దగా వస్తుంది.

వెంకాయమ్మ బ్లేడు ముక్కలు గుడ్డలో మూటగట్టుకుని దుకాణానికి వెళ్లింది. బల్ల మీద పరిచింది. పైరంగు ఊడిన చోట కింద తుప్పు కనబడుతోంది.

"పాతదానికి రంగేసి కొత్తదని అంటగట్టావా అయ్యా?"

"అదిమిపెట్టి కోస్తే ఏ బ్లేడైనా పగులుద్ది. మీకు మిషను వాడటం రాక నా మీద పడతావేంది?" అన్నాడు గోపీచంద్.

"నా మొగుడి మొహం ఒకసారి వచ్చి చూడు."

అతను లేచి వచ్చి ఆమె మెడ పట్టి గెంటాడు. షట్టరు అంచుకు నుదురు కొట్టుకుని చిట్లింది. దుకాణం నిండా జనం ఉన్నారు. ఎవరి బేరం వాళ్లు సాగించారు. ఆమె రోడ్డు మీద చెల్లాచెదురైన ముక్కలు ఏరుకుని మళ్లీ మూట కట్టుకుంది.

న్యాయసేవా సంస్థ తరఫున ఊళ్లు తిరిగే షంషాద్ ఆమె నుదుటి మీది కట్టు చూసి సంగతి అడిగింది. అంతా విని, "వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వెయ్యక్కా. లాయరు లేకపోయినా నీ నోటితో నువ్వే చెప్పుకోవచ్చు" అంది.

"నాకు ఇంగిలీసు రాదుగా."

"దెబ్బ తగిలిందని చెప్పడానికి ఇంగిలీసు ఎందుకక్కా? తెలుగులోనే చెప్పు."

చిన్నకోటయ్య వద్దన్నాడు. "ఆళ్లతో మనకెందుకే? సంపుతారు" అన్నాడు ముద్దగా. అయినా ఆమె పోరు పడలేక ఫిర్యాదు మీద వేలిముద్ర వేశాడు. బ్లేడు ముక్కలు కూడా కమిషన్‌కు చేరాయి.

గోపీచంద్‌కు నోటీసు అందిన కొద్దిరోజులకే, మిట్టమధ్యాహ్నం ముగ్గురు ఇంటి మీదికి వచ్చారు. వస్తూనే ఇనపరాడ్లతో రేకుల కప్పు కూలగొట్టారు.

"ఒసేయ్, బ్లేడు ముక్కలు యాడ పెట్టావే?"

కమిషన్‌లో ఉన్నాయని చెబితే పోయేదేమో. ఆమెకు చెప్పాలనిపించలేదు. వాళ్లు చిన్నకోటయ్యను కాలు పట్టి వాకిట్లోకి ఈడ్చారు. వాళ్లలో కోటేశ్వర్ అనే కుర్రాడు అతని దవడ మీద తన్నాడు. లోపల బిగించిన రేకు చర్మం చీల్చుకుని బయటికి పొడుచుకు వచ్చింది.

వెంకాయమ్మ సమ్మెట అందుకుంది.

మొదటి దెబ్బ కోటేశ్వర్ మోకాలి మీద పడింది. రాయి పగిలే చప్పుడు ఆమెకు పుట్టిననాటినుంచీ తెలుసు. ఎముక పగిలే చప్పుడు అంతకన్నా మెత్తగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. రెండోవాడి రాడ్డు దెబ్బకు ఆమె భుజం ఎముక విరిగింది. సమ్మెట మాత్రం వదల్లేదు. చుట్టుపక్కలవాళ్లు కేకలేస్తూ రావడంతో మిగతా ఇద్దరూ పారిపోయారు. కోటేశ్వర్ నేల మీద దొర్లుతూ "అమ్మా, అమ్మా" అని ఏడుస్తున్నాడు. ఆమె ఒంటిచేత్తో సమ్మెట మళ్లీ ఎత్తింది. ఈసారి తల మీదికే. చిన్నకోటయ్య రక్తంలో పాకుతూ వచ్చి ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకున్నాడు. సమ్మెట పక్కన మట్టిలో పడింది.

పోలీసులు రెండువైపులా కేసులు పెట్టారు. విరిగిన భుజంతోనే వెంకాయమ్మ కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద బయటికి వచ్చింది.

కమిషన్ ముందు దుకాణం తరఫు లాయరు రెండు మాటలు గట్టిగా చెప్పాడు. వీళ్లు వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి వినియోగదారులే కారన్నాడు. పైగా ఈమె మనిషి మోకాలు చితక్కొట్టిన రౌడీ అన్నాడు.

వెంకాయమ్మ లేచి నిలబడింది. "అవునయ్యా, కొట్టా. ఆ కేసు గురజాల కోర్టులో ఉంది, ఆడ ఒప్పుకుంటా. ఈడ బ్లేడు సంగతి చెప్పు."

ల్యాబుకు పంపిన ముక్కల నివేదిక వచ్చింది. పగుళ్లున్న పాత బ్లేడుకే రంగు వేసి అమ్మారని తేలింది. బతుకుదెరువు కోసం తానే వాడుకోవడానికి కొన్నవాడు వినియోగదారుడే అవుతాడని కమిషన్ తీర్పు చెప్పి, పరిహారం ఇవ్వమంది. గోపీచంద్ పైకమిషన్‌కు అప్పీలు వేశాడు. అప్పీలు వినాలంటే పరిహారంలో సగం ముందు కట్టాలన్నారు. కట్టాడు. ఆ డబ్బు వీళ్ల చేతికి రావడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో షంషాద్ కూడా చెప్పలేకపోయింది.

గురజాల కోర్టు వరండాలో మొన్నటి వాయిదాకు వెంకాయమ్మ వెళ్లేసరికి బెంచీ మీద ఒక్క మనిషికే చోటుంది. పక్కన చేతికర్రతో కోటేశ్వర్ కూర్చుని ఉన్నాడు. కాసేపు నిలబడి, తర్వాత అక్కడే కూర్చుంది.

"మోకాలు ఎట్టా ఉందిరా?"

"వంగట్లా పిన్నీ." చేతికర్ర గోడకు ఆనించి, "గోపీచంద్ ఆస్పత్రికి కూడా రాలా. ఫోనెత్తట్లా" అన్నాడు.

"నా మొగుడు ఇప్పటికీ గంజే తాగుతన్నాడు."

"తన్నింది నేనే."

"తెలుసు. ఆ రోజు ఆయన కుచ్చిళ్లు పట్టకపోతే నువ్వు ఇయ్యాల ఈడ కూర్చునేవాడివి కాదు."

లోపలినుంచి జవాను ఇద్దరి పేర్లూ పిలిచాడు. కోటేశ్వర్ కర్ర ఊతంతో లేవడానికి తంటాలు పడుతుంటే ఆమె చెయ్యి అందించలేదు. అలాగని వదిలేసి ముందుకూ పోలేదు. వాడు నిలదొక్కుకున్నాకే లోపలికి కదిలింది.