రెండు డాబాల మీద ఒకే బాణీ

మా అత్తగారు విజయనగరం నుంచి రాయపూర్ వచ్చి ఏడాది దాటింది. హిందీ నేర్చుకోమంటే విసుక్కుంటారు. పక్కింటి హిందీ బామ్మ దాదీతో ఆవిడకు ఇన్నాళ్లూ చిరునవ్వుల పరిచయమే.

ఈ మధ్యాహ్నం మా పేట గుఢియారీ మీద చలికాలపు ఎండ మెత్తగా పరుచుకుని ఉంది. ఎవరి డాబా మీద వాళ్లు వడియాలు పెడుతున్నారు. దాదీ ఫోన్‌లో పాత హిందీ సినిమా పాట మొదలైంది. అత్తగారి చెయ్యి ఆగిపోయింది. మెల్లగా అదే బాణీలో తెలుగు పాట అందుకున్నారు.

దాదీ పిట్టగోడ దగ్గరికి వచ్చింది. "ఏ తో హమారే జమానే కా గానా హై. ఆప్‌కో కైసే మాలూమ్?"

తమ కాలం పాట మీకెలా తెలుసని అడుగుతోందని చెప్పాను.

"ఆళ్లదేటి, ఇది మా పాట. నా పెళ్లికి మైకులో ఏసినారు" అన్నారు అత్తగారు.

అది హిందీలో చెప్పగానే దాదీ నవ్వి, పాట మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఈసారి ఇద్దరూ కలిసి పాడారు, ఎవరి మాటలు వాళ్లవి. మధ్యలో గూడ్సు బండి వెళ్తుంటే ఏమీ వినిపించలేదు. అది దాటిపోయాక వింటే, ఇద్దరూ చరణంలో ఒకేచోట ఉన్నారు.

సాయంత్రం అత్తగారు అడిగారు. "ఆయమ్మ పాటకి అర్థం ఏటి?"

"ఎడబాటు గురించి అత్తయ్యా."

"మాది వెన్నెల పాట" అన్నారు. తర్వాత, "ఆ మాటలు నాకు నేర్పు. రేపు ఆయమ్మతో పాడాల" అన్నారు.

ఏడాదిగా నేను బతిమాలి సాధించలేనిది పాట సాధించింది. రెండు భాషల్లో ఉన్న పాత బాణీలు మీకు తెలిస్తే చెప్పండి. మాకు పాఠాలు కావాలి.