చేతి మీద చుట్టిన సున్నా

నిన్న పొద్దున మదనపల్లెలో మా ఇంట్లో టమోటాలు తరుగుతుండగా కుప్పం నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. అదీ నాలాగే నర్సు, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల రెండు మాటలకొకసారి ఆగిపోతుంటే ఏదో జరిగిందని అర్థమైంది. ఒక రోగి బంధువులు నర్సింగ్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశారట. బీపీ పడిపోతే డాక్టరుకు చెప్పకుండా ఊరుకుందని వాళ్ళ ఆరోపణ. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో పదిహేను రోజుల్లో జవాబు చెప్పమని నోటీసు వచ్చిందట. అది డాక్టరుకు వెంటనే ఫోన్ చేసిన మాట నిజం, చేసినట్టు కంప్యూటర్లో ఎక్కించడం మరిచిన మాటా నిజమే.

"ఇప్పుడు ఎక్కించేస్తే సరిపోతాదంటాండాడు అత్తా మా మేనేజరు. ఎక్కించేదా?" అని అడిగింది.

"చెయ్యి పెట్టొద్దు దాని మింద!" అని అరిచాను. అరిచింది నేనే గానీ ఆ మాట నాది కాదు. నలభై ఏళ్ళ కిందట పుంగనూరులో మా పెద్ద సిస్టరమ్మ నాతో అన్న మాట అది.

నా ఈడు వాళ్ళకు ఆనాటి ఆస్పత్రులు గుర్తుండే ఉంటాయి. గాజు సిరంజిలు గిన్నెలో మరుగుతుండేవి, వరండా అంతా ఫినాయిలు వాసన, మంచం కాళ్ళ దగ్గర అట్టకు తగిలించిన కేస్ షీటు. పుంగనూరులో నేను చేరిన ఆస్పత్రికి ఇరవై మంచాలు, ఒక డాక్టరుగారు, నలుగురం నర్సులం. మా అందరి మీదా పెద్ద సిస్టరమ్మ. ఆమెది ఆ ఊరే. ఇంట్లో ఉర్దూ, వార్డులో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేది. నన్ను మాత్రం ఎప్పుడూ బేటీ అనే పిలిచేది. నా పనిలో ఆమెకు వంక దొరికేది కాదు గానీ నా నోటితోనే తంటా. మాట వినని రోగిని నేను కసరకుండా వదిలిపెట్టేదాన్ని కాదు, దానికి ఆమె చేత వారానికి రెండుసార్లయినా చీవాట్లు తినేదాన్ని.

పెన్సిలిన్ ఇంజెక్షన్ వేసేముందు చేతి మీద కొద్దిగా మందు పొడిచి, పడుతుందో లేదో చూడటం అందరికీ తెలిసిందే. మా వార్డులో దానికొక పద్ధతి ఉండేది. పొడిచిన చోట బాల్ పెన్నుతో సున్నా చుట్టి, దాని పక్కనే టైము కూడా ఆ చేతి మీదే రాసేవాళ్ళం. తర్వాత తీరిక దొరికినప్పుడు కేస్ షీటులోకి ఎక్కించుకునేవాళ్ళం. మనిషి చేతి కన్నా పెద్ద రిజిస్టరు ఏముందని మా ధీమా. ఆ ధీమాయే నా కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం, కాలికి చీము పట్టి చేరిన పాడి చేసుకునే ఒక ఆడమనిషికి టెస్టు చేసి, సున్నా చుట్టి, అరగంట ఆగి చూశాను. దద్దురు లేదు, ఎరుపు లేదు. ఇంజెక్షన్ వేశాను. సిరంజి కింద పెట్టానో లేదో, ఎద్దు పొడిచిన మనిషినొకణ్ణి బండిలో తెచ్చి దించారు. అందరం అటు పరిగెత్తాం. తిరిగి వచ్చేసరికి ఆమెకు వణుకు, ముఖమంతా వాపు, ఊపిరాడటం లేదు. టెస్టులో ఏమీ కనబడకపోయినా వెయ్యింట ఒకరికి అలా తిరగబడుతుందని చదువుకున్నదే గానీ కళ్ళారా చూడటం అదే మొదటిసారి. డాక్టరుగారు వెంటనే మందు వేసి చిత్తూరుకు పంపించారు. దేవుడి దయ, నాలుగు రోజులకు లేచి కూర్చుంది. నేను మాత్రం ఆ గొడవలో కేస్ షీటు సంగతే మరిచిపోయాను. టెస్టు చేసినట్టు అందులో ఒక్క అక్షరం లేదు.

నెల తిరిగేసరికి నర్సింగ్ కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చింది. టెస్టు చేయకుండానే ఇంజెక్షన్ పొడిచిందని ఆమె తమ్ముడు ఫిర్యాదు పెట్టాడు. మా ఇంట్లో చదువుకున్న మొదటి ఆడపిల్లను నేను. ఆ రిజిస్ట్రేషన్ కాగితానికి మా నాయన ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు, వచ్చిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు. అది పోతే ఏ ఆస్పత్రి గడపా తొక్కలేను, మా నాయన ముఖం చూడలేను.

డాక్టరుగారు మంచివారే. నా అవస్థ చూడలేక, కేస్ షీటు మన బీరువాలోనే ఉంది కదమ్మా, ఒక్క లైను చేర్చెయ్యి, చేసిన పనే కదా అన్నారు. నిజమే, అబద్ధం రాయడం లేదు కదా అనుకున్నాను. షీటు తీశాను, ఆ రోజు రాసిన నీలం పెన్నే వెతికి తీశాను. లైనుల మధ్య కాస్త జాగా కూడా ఉంది. పెన్ను ఆనించబోతుండగా పెద్ద సిస్టరమ్మ లోపలికొచ్చింది.

"చెయ్యి పెట్టొద్దు బేటీ దాని మింద. అది ఆ పొద్దుటి కాయితం. చేసిన పని నిజమే, ఈ రాత దొంగది అవుతాది. దొరికితే నువ్వు చేసిన నిజాన్ని గూడా ఎవురూ నమ్మరు."

షీటు నా చేతిలోంచి తీసుకుని, నకలు రాయించి, అసలును బీరువాలో పెట్టి తాళం వేసింది. మరునాడు నన్ను వెంటబెట్టుకుని మదనపల్లెలో ఒక ముసలి వకీలు దగ్గరికి పోయింది. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. గడువు దాటనివ్వకూడదు. అడిగినదానికే జవాబు రాయాలి, కోపం రాయకూడదు. మరిచిపోయింది మరిచిపోయినట్టే ఒప్పుకోవాలి. బజార్లో ఎవరితోనూ ఈ మాట ఎత్తకూడదు. ఆ ఆడమనిషి ఇంటికి పోయి కాళ్ళు పట్టుకుంటానని నేనంటే, పోతే బెదిరించడానికో బతిమాలడానికో వచ్చిందంటారని ససేమిరా ఒప్పుకోలేదు. జవాబు చివర మాత్రం ఒక మాట చేర్చాడు: రోగిని కూడా పిలిపించి అడగండి అని. ఫిర్యాదు పెట్టినవాడికి ఆమె సొంత అక్క, ఏం చెబుతుందో ఆ దేవుడికే తెలియాలి.

విచారణ చిత్తూరులో పెట్టారు. పెద్ద సిస్టరమ్మకు ఆ రోజు సెలవు కాదు, అయినా వచ్చింది. పలమనేరు మీదుగా పోయే బస్సులో నా పక్కనే కూర్చుంది. దారంతా నా చెయ్యి తన ఒడిలోనే పెట్టుకుంది.

ఆఫీసరు ముందు ఆ ఆడమనిషి తమ్ముడి వైపు చూడనేలేదు. మోచెయ్యి చాపి చూపించింది.

"ఈయమ్మ ఈడ పెన్నుతో సున్నా సుట్టింది సార్. పక్కన లెక్కేదో రాసింది. దురద పెడతాండాదని నేను గోక్కోబోతే, బుద్ధుందా నీకు, చెప్పేది వినబళ్ళేదా అని తిట్టింది. అంత తిట్టు మా అత్త గూడా తిట్టలా."

ఆఫీసరు నవ్వాపుకోలేకపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఏ నోటికి నేను చీవాట్లు తిన్నానో ఆ నోరే నన్ను కాపాడింది. కేస్ షీటులో రాయనందుకు హెచ్చరిక వచ్చింది, రిజిస్ట్రేషన్ మిగిలింది. ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా ముందు షీటులో రాసి, ఆ తర్వాతే చేతి మీద సున్నా చుట్టేదాన్ని.

ఇదంతా మేనకోడలికి చెప్పాను. నీ ఫోన్లో డాక్టరుకు చేసిన కాల్ ఉంటుంది, అది పోకుండా దాచుకో, ఆ మేనేజరు ఏం రాసిచ్చినా సంతకం పెట్టకు, మంచి లాయరును చూసుకో అన్నాను. అన్నిటికీ సరే అంది. ఉండబట్టలేక, ఆ రోగిని ఎప్పుడైనా తిట్టినావా, నిన్ను గుర్తు పెట్టుకునేలా అని అడిగాను.

"తిడితే దానికొక కంప్లయింటు పెడతారు గదత్తా. అయినా మాస్కు తీసేదే లేదు, నా మొగం ఆమె సూసిందే లేదు" అంది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే గుండె చివుక్కుమంది. ఈ కాలం పిల్లలు మాకన్నా ఎక్కువ చదువుకున్నారు, మాకన్నా జాగ్రత్తగా రాస్తారు. కానీ రాసి రాసి వాళ్ళ కళ్ళు తెర మీదే ఉంటాయి. మనిషి చెయ్యి పట్టుకునేది సూది గుచ్చేంత సేపే. వాళ్ళు తప్పు చేయలేదని చెప్పడానికి రేపు కంప్యూటర్ వస్తుందేమో గానీ, మోచెయ్యి చాపి చూపించే మనిషి ఎక్కడి నుంచి వస్తుంది?

విచారణ కూడా ఇప్పుడు ఫోన్లోనే, వీడియోలో జరుగుతుందట. జవాబు పంపాక, వాళ్ళు చెప్పిన రోజున తలుపేసుకుని ఒక్కతే తెర ముందు కూర్చోవాలట. పుంగనూరులో మా ఆస్పత్రి ఉన్న చోట సెల్‌ఫోన్ల అంగళ్ళు వెలిశాయి. పెద్ద సిస్టరమ్మ పోయి పన్నెండేళ్ళయింది. అయినా ఆ రోజుకు పుంగనూరు మీదుగా కుప్పం బస్సెక్కుతాను. వాళ్ళు ఒప్పుకుంటే తెరకు కనబడకుండా పిల్ల పక్కన కూర్చుని దాని చెయ్యి నా ఒడిలో పెట్టుకుంటాను. ఒప్పుకోకపోతే తలుపు బయట కూర్చుంటాను.