ఉమ్లాజీ గోగో ఇంట్లో ఒక శనివారం

నా చిన్నప్పుడు, దేశంలో అన్ని రంగులవాళ్లూ కలిసి మొదటిసారి ఓటు వేయబోతున్న ఏడాది, మా ఇంటి కింది గది చూస్తుండగానే కిరాణా కొట్టులా మారిపోయింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. డర్బన్ దగ్గర ఖర్వాస్తాన్‌లో కొండవాలున మా ఇల్లు. నాన్న రంగుల ఫ్యాక్టరీలో ఫిట్టరు, అమ్మ బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేది. వారాంతం వచ్చిందంటే ఇద్దరూ కారు నిండా సరుకులు తెచ్చి ఆ గదిలో గోడ పొడవునా పేర్చేవారు. టమాటా రసంలో వేసిన చేపల టిన్నులు, బీన్సు టిన్నులు, పాలపొడి, బియ్యం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు. ఎందుకని అడిగితే అమ్మ, "ఊరికే, ఉంటే మంచిదని" అనేది. అలా అంటున్నప్పుడు నా మొహంకేసి చూసేది కాదు.

అమ్మ చెప్పనిది పక్కింటి అక్క చెప్పింది. ఆవిడ కాలేజీలో చదివేది, లోకంలో ఏ కబురైనా ముందు ఆవిడకే తెలిసేది. ఎన్నికలు కాగానే యుద్ధం వస్తుందట. నదికి అవతల ఉమ్లాజీలో ఉండే నల్లజాతి జూలూలు మన ఇళ్లు పంచుకోవడానికి ఇప్పటికే చీట్లు వేసుకున్నారట. "మీది మూల ఇల్లు కదా, గాలి బాగా వస్తుంది, దానికి పోటీ ఎక్కువగా ఉందట" అని కూడా చెప్పింది. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఉమ్లాజీ ఇళ్లు కనిపిస్తాయి. పాత చట్టం రంగును బట్టి ఇండియన్లమైన మమ్మల్ని ఈ కొండమీద, వాళ్లను ఆ కొండమీద పెట్టింది. అంతవరకు ఆ ఇళ్లు నాకు చిన్న చిన్న పెట్టెల్లా ముద్దుగా కనిపించేవి. ఆ మాట విన్నాక కిటికీ దగ్గరికి వెళ్లడం మానేశాను. బడి చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని పడుకునేదాన్ని. పరిగెత్తాల్సి వస్తే వెతుక్కోకుండా ఉంటాయని.

మా ఇంట్లో తెలుగు మిగిలింది అవ్వ నోట్లోనే. అవ్వ అంటే నాన్న తల్లి. ఆవిడ తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన కోస్తా పల్లెటూరివాళ్లు. అమ్మా నాన్నా ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవారు. అవ్వకు మాత్రం ప్రార్థనకూ, కూరలకూ, మమ్మల్ని తిట్టడానికీ తెలుగే కావాలి. నేను పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకుని ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ తిట్ల పుణ్యమే.

అవ్వ ఎంత మాటకారి అయినా ఒక్క సంగతి మాత్రం ఎత్తేది కాదు. పెద్దవాళ్లు దాన్ని 'నలభై తొమ్మిది' అనేవాళ్లు. ఆ ఏడు జనవరిలో డర్బన్ నగరంలో రేగిన గొడవ మర్నాటికల్లా కేటో మేనర్ దాకా పాకింది. మనవాళ్ల ఇళ్లూ దుకాణాలూ కాలిపోయాయి, మనుషులు పోయారు. ఆ తర్వాత పోలీసులూ సైనికులూ జరిపిన కాల్పుల్లో జూలూలు ఎంతోమంది పోయారు. అప్పట్లో అవ్వ కాపురం కేటో మేనర్‌లోనే. ఆ గొడవలోనే ఆవిడ పెద్దన్న చనిపోయాడు. నాకు తెలిసింది అంతే.

ఒకరోజు బడి నుంచి వచ్చి, పప్పులో రాళ్లు ఏరుతున్న అవ్వ పక్కన కూర్చున్నాను. "అవ్వా, మళ్లీ మన ఇల్లు తగలబెడతారా?" అని అడిగాను. అవ్వ చేతులు ఆగాయి. నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, చాటను పక్కన పెట్టి మంచం పక్కనున్న నా బడి చెప్పుల కేసి చూసింది. "శనివారం నాతోటి రా. సంచీ మొయ్యాల" అంది.

శనివారం అమ్మా నాన్నా ఓవర్‌టైముకు వెళ్లగానే అవ్వ కింది గది తాళం తీసింది. మేము వేలుపెట్టడానికే వీల్లేని ఆ టిన్నుల్లోంచి చేపలవి కొన్ని, పాలపొడి ఒకటి తీసి రెండు సంచుల్లో సర్దింది. చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. పక్కింటి అక్కకు నాకు వినపడకుండా ఏదో చెప్పింది. సంతకు పోతున్నామేమో అనుకున్నాను. రోడ్డుమీద మినీబస్సు టాక్సీ ఆపి అవ్వ డ్రైవరుతో "ఉమ్లాజీ" అన్నప్పుడు నేను రెండడుగులు వెనక్కి వేశాను. అవ్వ నన్ను రెక్క పట్టుకుని ఎక్కించింది. బండి నిండా జూలూ ఆడవాళ్లే. ఒకావిడ జరిగి నాకు చోటిచ్చింది. దారంతా నేను సంచీని గట్టిగా వాటేసుకుని కూర్చున్నాను.

దిగి, ఎర్రమట్టి దారిలో కొంత దూరం నడిచాక, ఆకుపచ్చ తలుపున్న చిన్న ఇంటి ముందు అవ్వ ఆగింది. బయట తీగమీద దుప్పట్లు ఆరుతున్నాయి. లోపల్నుంచి అవ్వకంటే రెండింతలు లావున్న ముసలావిడ వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, పలకరింపు కూడా లేకుండా నవ్వడం మొదలుపెట్టారు. జూలూ భాషలో అవ్వ అనడానికి గోగో అంటారు. ఆవిడను అలాగే పిలవమని అవ్వ చెప్పింది. వాళ్లిద్దరూ శుక్రవారం సంతలో నెలకోసారి కలుసుకుంటూనే ఉన్నారట. ఇంటి గుర్తులు అక్కడే తెలుసుకున్నా, ఇంటికి మాత్రం అవ్వ రావడం ఇదే మొదలు.

వాళ్లు సగం జూలూలో, సగం సంతల్లో పొలాల్లో పుట్టిన కలగూరగంప భాషలో మాట్లాడుకుంటుంటే అవ్వ మధ్యమధ్యలో నాకు తెలుగులో చెప్పేది. అవ్వ సంచీలోంచి చేపల టిన్నులు తీసి బల్లమీద పెట్టింది. గోగో వాటిని చూసింది, అవ్వను చూసింది. నా చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్లి మంచానికి వేలాడుతున్న దుప్పటి పైకెత్తింది.

మంచం కింద అవే టిన్నులు. అవే చేపలు, టిన్నులకు చుట్టిన అదే ఎర్ర కాగితం, అవే కొవ్వొత్తులు. గోడ పక్కన డ్రమ్ముల నిండా నీళ్లు. ఎన్నికలు కాగానే నీళ్లు ఆపేస్తారనీ, సైనికులు ఇంటింటికీ వస్తారనీ, కొండమీది ఇండియన్ల దగ్గర తుపాకులున్నాయనీ గోగోకు ఎవరో చెప్పారట. మా నాన్న దగ్గర రెంచీలు తప్ప ఏమీ లేవని నేను చెప్పాను. అవ్వ దాన్ని జూలూలోకి మార్చి చెప్పాక ఆ ముసలివాళ్లిద్దరూ మంచంమీద కూలబడి, ఒకరి భుజం ఒకరు కొట్టుకుంటూ, కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకు ధైర్యం వచ్చింది. వారం రోజులుగా కడుపులో ఉన్నది అడిగేశాను.

"మా ఇల్లు చీటీలో మీకే వచ్చిందా?"

అవ్వ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు అడిగింది. గోగో తన మోకాళ్లను చూపించింది. "ఆ కొండ ఎక్కాలంటే ఇవి ఒప్పుకోవు. మీ ఇల్లు నాకొద్దులే అమ్మా, మీరే ఉంచుకోండి."

వంట మొదలైంది. అవ్వ చీరకొంగు దోపుకుని ఉల్లిపాయలు తరిగి, తన సంచీలోంచి కారం, కరివేపాకు తీసి చేపల కూర పొయ్యిమీద పెట్టింది. గోగో మొక్కజొన్న పిండితో పొడిపొడిగా పుటు వండింది. పొయ్యి దగ్గర నిలబడి కూర చూసుకుంటూనే అవ్వ నాకు 'నలభై తొమ్మిది' చెప్పింది. ఆవిడ నోట ఆ కథ వినడం అదే మొదటిసారి.

కేటో మేనర్‌లో వీళ్లిద్దరివీ రేకుల ఇళ్లు, నీళ్లు పట్టుకునే కొళాయి ఒకటే. గొడవ తమ వీధికి వచ్చేసరికి తాతయ్య పనిలో ఉన్నాడు. అవ్వ ఒళ్లో అయిదు నెలల పిల్లాడు. గోగో పెరటి గుమ్మంలోంచి వచ్చి ఇద్దరినీ తన గదిలోకి లాక్కుపోయింది. అవ్వను మంచం కిందికి తోసి, ముందు మొక్కజొన్న బస్తాలు అడ్డం పెట్టింది. పిల్లాడు ఏడుస్తున్నాడు. వాణ్ని తన వీపున కట్టుకుని, తల మునిగేలా దుప్పటి కప్పి, తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. కర్రలతో వచ్చినవాళ్లు లోపల ఎవరున్నారని అడిగారు. దుప్పట్లోంచి పిల్లాడి కాలు ఒకటి బయటికి వచ్చిందట. గోగో దాన్ని అరచేత్తో కప్పేసి, "నా బిడ్డకు తట్టు పోసింది. దగ్గరికొచ్చి చూస్తారా?" అంది. వాళ్లు వెనక్కి తగ్గి వెళ్లిపోయారు.

అవ్వ ఇల్లు కాలిపోయింది. పని నుంచి బయల్దేరిన అవ్వ పెద్దన్న ఇంటికి చేరలేదు. ఆ వారంలోనే గోగో మరిది కూడా పోయాడు, సైనికుల తూటాకు. అతని చేతిలో కర్ర కూడా లేదని గోగో అంది. అది చెప్పేటప్పుడు ఆవిడ పుటు కలపడం ఆపింది. అవ్వ వెళ్లి ఆవిడ పక్కన నిలబడింది.

"నీకు కోపం లేదా అవ్వా?" అన్నాను.

అవ్వ కూర కలుపుతూ నెమ్మదిగా చెప్పింది. "ఎందుకు నేదే. మా అన్న కోసం ఇప్పటికీ ఏడుస్తాను. కానీ మా అన్నని సంపినోడి మొకం నేను సూడనేదు. మీ నాన్నని దాసిన మొకం సూశాను. సూసిన మొకమే గుర్తెట్టుకున్నాను."

అప్పుడు గానీ నాకు తట్టలేదు, ఆ అయిదు నెలల పిల్లాడు మా నాన్నేనని.

అదే సమయానికి బయట కారు ఆగిన చప్పుడైంది. అవ్వ చెప్పి వచ్చిన ఇంటి గుర్తులను పక్కింటి అక్క ఫ్యాక్టరీకి ఫోన్ చేసి చెప్పినట్టుంది. నాన్న పని బట్టల్లోనే వచ్చాడు. బట్టతల, పెద్ద బొజ్జ, పిడికిట్లో కారు తాళాలు. భయంతో మొహం పాలిపోయి ఉంది. "అమ్మా, కారెక్కు. నువ్వూ ఎక్కు" అన్నాడు ఇంగ్లీషులో. అవ్వ కదల్లేదు. "కూర దించనీ. తినేసి ఎల్దాం" అంది తెలుగులో.

నాన్న ఇంకేదో అనబోయాడు. ఈలోగా గోగో గరిటె వదిలి నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది. పైనుంచి కిందిదాకా తీరిగ్గా చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, చేయి మడిచి తన నడుం మీద తట్టుకుంటూ ఏదో అంది. అవ్వ నవ్వు ఆపుకోలేక గోడకు చేరగిలబడింది.

"ఏమంటోంది?" అన్నాడు నాన్న.

"ఆ రోజు నువ్వు ఈడే ఉచ్చ పోశావంట. ఇప్పుడు మోయమంటే మోయనేనంటంది."

తమను ఎవరో ఒకావిడ దాచిందని నాన్నకు తెలుసు. ఎవరో తెలియదు, ఎలాగో తెలియదు. తాతయ్య బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఆ మాట ఎత్తనివ్వలేదు. అవ్వ మిగతాది నాలుగు ముక్కల్లో చెప్పింది. నాన్న తాళాలు బల్లమీద పెట్టాడు. ఏం చేయాలో తోచక గోగో చేతులు రెండూ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గోగో ఆయన బట్టతల నిమిరి, చిన్నపిల్లాణ్ని కూర్చోబెట్టినట్టు కుర్చీలో కూర్చోబెట్టి పళ్లెం ముందు పెట్టింది. నాన్న మూడుసార్లు వడ్డించుకున్నాడు. మా నాన్న ఏడుస్తూ తినడం, తింటూ నవ్వడం నేను ఆ ఒక్కరోజే చూశాను.

యుద్ధం రాలేదు. ఏప్రిల్ నెలాఖరున అవ్వ పొద్దున్నే వెళ్లి, బడి చుట్టూ పాములా తిరిగిన వరుసలో నిలబడి, మధ్యాహ్నం దాటాక ఓటు వేసి వచ్చింది. అరవై ఏడేళ్లకు అది ఆవిడ మొదటి ఓటు. నది అవతల గోగో కూడా అలాగే వేసింది. టిన్నుల చేపలు మాత్రం చలికాలం పూర్తయ్యేదాకా మా చేత తినిపించింది అమ్మ. నాన్న నెలకోసారి కారు తీసుకుని వెళ్లి గోగోను తీసుకొచ్చేవాడు. కొండ ఎక్కే పని లేదు కనుక ఆవిడ మోకాళ్లు కూడా ఒప్పుకున్నాయి. పక్కింటి అక్కకు జూలూలో బేరమాడడం నేర్పింది ఆవిడే. అవ్వ పోయినప్పుడు మా చర్చిలో ముందు వరుసలో కూర్చున్నదీ ఆవిడే. ఏడుస్తూ కూర్చుని, మధ్యలో ఏదో గుర్తొచ్చి నవ్వింది. మాకూ నవ్వొచ్చింది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరుస్తోంది. చర్చి హాల్లో పాత గొడవలను తలుచుకునే సభలు జరిగినప్పుడు నన్ను మాట్లాడమంటారు. పోయినవాళ్ల పేర్లు అందరితో పాటు నేనూ చదువుతాను. ఒక్క పేరు కూడా విడిచిపెట్టను. మనకు జరిగినదాన్ని మరిచిపొమ్మని అవ్వ నాకు ఎప్పుడూ చెప్పలేదు. అవ్వ నేర్పింది వేరు. కథను కాలిపోయిన ఇంటి దగ్గర ఆపేయకుండా, ఇంకో నాలుగడుగులు నడిచి ఎవరి గదిలో తేలామో అక్కడిదాకా చెప్పడం. అందుకే పేర్లన్నీ అయిపోయాక, హాల్లో కూర్చున్న పెద్దవాళ్లను నేను ఒకటే అడుగుతాను. ఆ రోజు మిమ్మల్ని లోపలికి రమ్మన్నది ఎవరు?

కొందరికి అలాంటివాళ్లు ఎవరూ లేరు, వాళ్ల మౌనం ముందు నేనూ తల వంచుతాను. కానీ పోయిన జనవరిలో చివరి వరుసలో ఒక పెద్దావిడ చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. తర్వాత ఆవిడ మొహం మెల్లగా విచ్చుకుంది. తన పిల్లలు ఎప్పుడూ వినని ఒక జూలూ పేరును, చిన్నప్పుడు వీధిలో పిలిచినట్టే గొంతెత్తి పిలిచింది.