రమణమ్మ చించేసిన చీటీలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. సూళ్లూరుపేట రైల్వేస్టేషన్ దగ్గర మేడమీద గదిలో ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసే పని నాది. ఒక ఉదయం రమణమ్మ వచ్చింది. పులికాట్ ఒడ్డు పల్లెలో జాలర్ల దగ్గర రొయ్యలు కొని చెన్నై కంపెనీకి పంపే వ్యాపారి. ఫోను నా చేతికిచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"నువ్వే చదువన్నా. నాకు కాళ్లూ చేతులూ ఆడటంలా."

అది స్క్రూటినీ నోటీసు. అంటే, రిటర్నులో చూపిన లెక్కకు ఆధారాలు చూపమనడం. కంపెనీ ఆమె ఖాతాలో వేసిన డబ్బులో చాలా భాగం జాలర్లకే పోయింది. పోయినట్టు రుజువు లేకపోతే అంతా ఆమె ఆదాయమే అవుతుంది. ఆ పన్నుకు ఇల్లు అమ్మినా చాలదు.

"జాలర్లకు నగదు ఇవ్వడం తప్పు కాదమ్మా. వోచర్లు తే, చాలు" అన్నాను. వోచరంటే డబ్బు ఎవరికి, దేనికి ఇచ్చామో రాసి, పుచ్చుకున్నవారి సంతకం తీసుకున్న కాగితం.

"ఎవరికెంత ఇయ్యాలో రాసిన చీటీలుండేవన్నా. ఆదివారం లెక్క తీర్చంగానే వాళ్ల ముందరే చించేస్తాం. దాచుకుంటే, 'ఏం రమణమ్మా, మళ్లీ అడుగుతామనుకున్నావా?' అని మొహానే అడుగుతారు."

ఆ పల్లెలో అదే మర్యాదట. మూడేళ్లుగా ఆమె నోటిమాట మీదే రిటర్ను వేస్తూ వచ్చాను. ఒక్క కాగితమైనా చూపించమని అడగలేదు.

గడువు పదిహేను రోజులు. వెళ్లి బతిమాలుకుందామంటే అధికారి ఎవరో తెలియదు, అంతా కంప్యూటర్‌లోనే. డబ్బు ముట్టిందని జాలర్లతో రాయించుకుందామని ఇద్దరం పల్లెకు వెళ్లాం. నోటీసు కబురు మాకంటే ముందే చేరింది. వలలు సర్దుకుంటున్నవాళ్లు మమ్మల్ని చూసి ఒక్కొక్కరే లేచిపోయారు. పోలయ్య అనే పెద్దాయన మాత్రం కదల్లేదు.

"డబ్బు ముట్టింది, కాదన్ను. ఏలిముద్ర ఏస్తే రేపు నాకూ నోటీసొస్తే? బియ్యం కార్డు పీకేసి, పింఛను ఆపేస్తే?"

"చట్టప్రకారం అట్లా జరగదు పెద్దాయనా."

"జరగదని నువ్వు రాసి సంతకం పెడతావా సారూ?"

పెన్ను నా చేతిలోనే ఉంది. పెట్టలేకపోయాను.

రమణమ్మ ఇసకలో కూలబడింది. "వద్దులే మామా, నీకెందుకీ తంటా."

ఆయన వల పక్కన పెట్టాడు. "ఇల్లు పోతే యాడుంటావే నువ్వు?" అని గొణుగుతూ చెయ్యి చాచాడు. మొదటి ముద్ర అలుక్కుపోయింది. రెండోసారి నేను వేలు పట్టుకుని వేయించాను.

తర్వాత ఇంకో తొమ్మిదిమంది వేలిముద్ర వేశారు. మిగతావాళ్లు రమణమ్మ ఎదురుపడితే దారి మార్చుకున్నారు. రుజువు చూపినంత మేరకు టాక్సువాళ్లు ఒప్పుకుని, మిగిలినదానికి పన్ను వేశారు. ఐసు పెట్టెల వ్యాను అమ్మి ఆమె ఆ పన్ను కట్టింది. ఇల్లు నిలిచింది.

ఆ తర్వాత ఏడాదిపాటు ప్రతి నెలా ఒకటో తారీఖున, పింఛను వచ్చిందా అని పోలయ్యకు ఫోన్ చేసేవాణ్ణి. ఆయన "వచ్చిందిలే" అనేదాకా నాకు కాఫీ కూడా సహించేది కాదు.

ఇప్పుడు వోచరు పుస్తకం చూడందే ఎవరి రిటర్నూ వేయను. డబ్బు లెక్కపెట్టుకుంటూ మనిషి నవ్వే పూటే సంతకం తీసుకోవాలి. నోటీసు వచ్చాక అడిగితే, ఆ మనిషి తన ఇంటి బియ్యాన్ని తలుచుకుంటూ వేలు ఆనించాల్సి వస్తుంది.